హోప్ టౌన్ మీదుగా నూకన్న మావ రైలు

గణేశ్వరరావు గారు రైలు పైబెర్తు మీంచి పడి ఎడం చెయ్యి బెణికించుకున్నారు. డాక్టరు కట్టు కట్టి కొన్నాళ్లు చెయ్యి కదపొద్దన్నాడు. నిజాయితీ గల గుమాస్తా కాబట్టి ఆయన సెలవు చీటీలో కారణం ఉన్నదున్నట్టు రాశారు: హోప్ టౌన్ నందు రైలు పైబెర్తు నుండి జారిపడుట. మెయిన్‌లాండ్ నించి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు ఆ చీటీ చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, లేచి గోడ మీదున్న అండమాన్ మ్యాపు దగ్గరికెళ్లి ఉత్తరం నించి దక్షిణం దాకా వేలితో వెతికాడు. రోడ్డు ఉంది, అడవి ఉంది, సముద్రం కావలసినంత ఉంది. పట్టాలు మాత్రం లేవు. చివరికి బంట్రోతుని పిలిచి, ఇక్కడ రైలుందా అని అడిగాడు.

"ఉంది సాబ్. నూకన్న రైలు," అన్నాడు బంట్రోతు. "పైబెర్తు తాడు కొంచెం వదులు."

సెలవు మంజూరైంది.

నూకన్న మావకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, అది రైలు. పట్టా అన్నదే లేని దీవిలో, ఎటు చూసినా ఉప్పునీళ్లే ఉన్న చోట, ఆయన లేచింది మొదలు పడుకునేదాకా రైల్వేలోనే ఉండేవాడు. వేటకి డోంగీ నీళ్లలోకి తోసేముందు ఈల ఊది పచ్చగుడ్డ ఊపేవాడు. మబ్బేస్తే సిగ్నల్ పడలేదని ఇంట్లో కూర్చునేవాడు. పట్టిన చేపల్లో వంజరం ఫస్ట్ క్లాసు, కానాగంతలు సెకండ్ క్లాసు, నెత్తళ్లు థర్డ్ క్లాసు. రైళ్లలో థర్డ్ క్లాసు ఎత్తేశారని రేడియోలో చెప్పిన రోజు నించి నెత్తళ్లని కూడా సెకండ్ క్లాసు బుట్టలో పోసేశాడు. పేదవాడి చేపకి ఇన్నాళ్లకి గౌరవం దొరికిందని ఆయన సంబరం. ఆ బుట్టలోంచి నెత్తళ్లని విడిగా ఏరుకోలేక ఆయన భార్య తవిటమ్మత్త బజార్లో నానా తంటాలు పడింది.

కోళ్ల సంగతి ఇంకా కష్టం. దేశంలో రైళ్లన్నిటినీ కలిపి జోన్లు చేశారు కదా, మావ పెరట్లో జోనుకో కోడి ఉండేది. సర్కారు కొత్త జోను ప్రకటించినప్పుడల్లా ఇంకో కోడి వచ్చేది. సౌత్ సెంట్రల్ పుట్టిందని తెలిసిన రోజున బాంబూ ఫ్లాట్ దాకా నడిచి వెళ్లి ఎర్రపెట్టని చంకలో పెట్టుకొచ్చాడు. దాంతో ఇంటికి చుట్టం వస్తే కోడి కొయ్యడమనేది కుదరని పనైంది. కొయ్యనని అనేవాడు కాదు. పెరట్లోకి తీసుకెళ్లి, ఏ జోను మూసెయ్యమంటావో నువ్వే చెప్పమని చుట్టాన్నే అడిగేవాడు. చుట్టం పప్పన్నం తిని పోయేవాడు.

ఇంతా చేసి మావ రైల్వేలో ఉద్యోగం చేసినవాడేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం వేపు సముద్రపొడ్డు నించి ఈ దీవులకి వలసొచ్చిన చేపలవాళ్లలో ఒకడు. అక్కడున్నప్పుడు వాళ్ల పేటకి దగ్గర్లో ఒక చిన్న స్టేషను ఉండేది. ఐసు వేసిన చేపల బుట్టల్ని కలకత్తా వెళ్లే బండికి ఎక్కించడం మావ పని. బండి ఆగేది కాసేపే, ఆ కాసేపట్లో బుట్టలన్నీ లోపలికి పోవాలి. బుట్టలు వెళ్లిపోయేవి, మావ ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయేవాడు. మిగిలిపోయిన సమయంలో పార్సెల్ గుమాస్తా చెప్పే కబుర్లు వింటూ రైల్వే చరిత్ర మొత్తం బుర్రలోకి ఎక్కించుకున్నాడు. ఆయన బండెక్కి, సీట్లో కూర్చుని ప్రయాణం చేసింది జన్మలో ఒక్కసారే. వాళ్లమ్మని వెంటబెట్టుకుని మద్రాసు దాకా రైల్లో, అక్కణ్ణించి ఓడలో ఇక్కడికి. ఆ ఒక్క ప్రయాణాన్నే హోప్ టౌన్‌లో పాతికేళ్లుగా నడుపుతూ ఉండేవాడు.

ఏ మాటైనా ఆయన పద్దెనిమిది వందల యాభై మూడు నించి మొదలుపెట్టేవాడు. ఒకసారి జోరుగా వాన కురుస్తుంటే మా నాన్న గొడుగు అడిగి తెస్తానని మావ ఇంటికి వెళ్లాడు. గొడుగు పేరెత్తగానే మావ బొంబాయిలో బోరీబందర్ నించి ఠాణాకి మొదటి బండి బయల్దేరదీశాడు. మూడు ఇంజన్లు కట్టారు, ఫిరంగులు పేల్చారు, ఆ ఫిరంగులు ఆయనే నోటితో పేల్చాడు. తరవాత మద్రాసు వేపు పట్టాలు వేశారు. కంపెనీకో కొలత, ఒకడిది వెడల్పు పట్టా, ఒకడిది సన్నపట్టా, సంస్థానంలో రాజుగారిది ఇంకోటి. ఒకడి బండి ఇంకొకడి పట్టా మీద నడవదు. మనుషులు సామాన్లు దించుకుని, ఎక్కించుకుని చచ్చారు. బెంగాల్ నాగపూర్ వాళ్లు వాల్తేరు దాకా వచ్చారు. యుద్ధాలొస్తే ఉన్న పట్టాలు పీకి ఓడల్లో పట్టుకుపోయారు. దేశం రెండైనప్పుడు ఇంజన్లనీ పెట్టెల్నీ కూడా పంచుకున్నారు. ఆ తరవాత మన సర్కారు నలభై పైచిలుకు రైల్వేల్ని పోగేసి ఒక్కటి చేసింది. అక్కడికొచ్చేసరికి మావ ఎప్పుడూ, బెంగాలీలూ తమిళులూ రాంచీవాళ్లూ మనమూ ఈ దీవిలో ఒకే హిందీ మాట్లాడుకుంటూ పడి ఉన్నట్టే కదా అదీ, అనేవాడు. మా నాన్న ఔనన్నాడు. ఈలోపు వాన వెలిసింది. గొడుగు అక్కర్లేకపోయింది.

ఇక రైలు. మావ ఇంటి అరుగు మీద ఎదురెదురుగా రెండు బల్లలు. వాటి మీద పడాకు చెక్క ఒకటి ఓడ తాళ్లతో వేలాడేది, అదే పైబెర్తు. కూలిపోయిన ఏదో క్వార్టర్సు నించి కొనుక్కొచ్చిన ఇనప ఊచల కిటికీ ఒక పక్క. మా వాళ్లలో ఎవరు మెయిన్‌లాండ్ ప్రయాణం పెట్టుకున్నా ఓడ టిక్కెట్టు చేతికి రాగానే ఈ రైలెక్కి తీరాలి. అమ్మవారికి దండం పెట్టుకోకుండా ఓడెక్కినవాళ్లున్నారు గానీ నూకన్న రైలెక్కకుండా ఓడెక్కినవాళ్లు హోప్ టౌన్‌లో లేరు.

అదంతా వెర్రి అని నవ్వేవాళ్లకి అసిరయ్య కథ చెబితే చాలు. అసిరయ్య ఇక్కడే పుట్టి పెరిగినవాడు. మా దీవిలో పుట్టినవాళ్లకి ప్రయాణమంటే ఓడే. ఓడ రేవులో ఆగిందంటే సరుకు దించాలి, నీళ్లు పట్టాలి, మనిషి ఊళ్లోకి వెళ్లి స్నానం చేసి, భోంచేసి, చుట్టాల్ని చూసొచ్చినా అది అక్కడే ఉంటుంది. అసిరయ్య మొదటిసారి రైలెక్కి, నెల్లూర్లో బండి ఆగగానే ఆ అలవాటు కొద్దీ దిగి, చేపల బజారు ఎటని అడుగుతూ ఊళ్లోకి నడిచాడు. ధర కనుక్కుని తిరిగొచ్చేసరికి స్టేషనుంది, బండి లేదు. బండిలో ఉన్న పెళ్లాం ఏమాత్రం కంగారు పడలేదు. వెనక లాంచీలో వస్తాడులే అని అందరికీ చెప్పి, మొగుడి సీటు మీద ఎవర్నీ కూర్చోనివ్వకుండా విశాఖపట్నం దాకా కాపలా కాసింది.

అప్పలరాముడి కుటుంబం ఇంకా పద్ధతైన మనుషులు. మద్రాసు స్టేషన్లో బండి పక్కనే బుద్ధిగా వరసలో నిలబడ్డారు. ఓడైతే పేర్లు పిలుస్తారు, నిచ్చెన వేస్తారు, అప్పుడెక్కాలి. ఎవరూ పిలవలేదు. బండి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద జనం నవ్వారు. వాళ్లు కూడా మర్యాదకి నవ్వారు.

అందుకని మావ రైల్లో అన్నీ నేర్పేవారు. ముందు చరిత్ర, అది విననివాడు సరుకు కిందే లెక్క. తరవాత ఎక్కడం. ఇరుగుపొరుగు అంతా మూటలతో మీద పడి తోసేవారు, ఆ తోపులాటలోంచి ఎక్కి కిటికీ పక్క చోటు పట్టాలి. తరవాత కుదుపులు. ఇద్దరు మనుషులు బల్లల్ని అటూ ఇటూ ఎత్తి పడేసేవారు. తవిటమ్మత్త రేకు వాయిస్తూ ఊదుగొట్టంతో కిటికీలోంచి మొహం మీదికి బూడిద ఊదేది, అది ఇంజను బొగ్గు. తక్కిన వేషాలన్నీ మావవే. ఇంజను ఆయనే, గార్డు ఆయనే, టిక్కెట్టు కలెక్టరు ఆయనే. నోరు కాలిపోయే చాయ్ అమ్మేవాడు ఆయనే, చాయ్ తాగుతుంటే మూట ఎత్తుకుపోయే దొంగా ఆయనే. దొంగ వేషంలో ఎత్తుకుపోయిన సామాను గార్డు వేషంలో తిరిగిచ్చి, జాగ్రత్తగా ఉండొద్దా అని కేకలేసేవాడు.

ఇలా ఉండగా మా కామమ్మ దొడ్డమ్మకి గొంతు పోయింది.

కామమ్మ దొడ్డమ్మంటే మా అమ్మకి అప్ప, అంటే అక్క. మొగుడు పోయాక నీళ్లకి అవతలొడ్డున మిడిల్ పాయింట్ బజార్లో చేపలమ్మి పిల్లల్ని పైకి తెచ్చింది. ఆవిడ వ్యాపారానికి పెట్టుబడి బుట్ట కాదు, గొంతు. ఆవిడ ఒక్క కేక వేస్తే రెండు వీధుల అవతల బెంగాలీ దీదీలు సంచులు పట్టుకుని బయల్దేరేవారు. అలాంటి మనిషికి మెడ మీద గడ్డ లేచి, గొంతు రోజురోజుకీ సన్నబడి, చివరికి గుసగుసలోకి దిగింది. బేరాలు పక్క బుట్టవాళ్లకి పోతుంటే స్టీలు పళ్లెం గరిటెతో వాయిస్తూ కూర్చునేది. పళ్లెం చప్పుడుకి జనం వచ్చేవారు గానీ ధర చెప్పడానికి దొడ్డమ్మ వాళ్ల చెవి దగ్గరికి వంగాల్సి వచ్చేది. చెవిలో చెబితే అది ఎంత మంచి ధరైనా జనానికి అనుమానం వేసేది.

డాక్టరు విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించాలన్నాడు, ఆలస్యమైతే మాటే కాదు, ఊపిరీ ఆడదన్నాడు. విశాఖ ఓడ ఎప్పుడో గానీ రాదు. దొరికింది మద్రాసు ఓడ. మద్రాసు నించి రైలు. తోడు నేను.

దొడ్డమ్మ ఓడకి ఒప్పుకుంది, రైలుకి ఒప్పుకోలేదు. తుఫాన్లలో డోంగీ మీద తిరిగిన మనిషికి రైలంటే ప్రాణం గజగజ. మా తాత స్వాతంత్ర్యానికి ముందే ఇక్కడికొచ్చినవాడు కాబట్టి ఆవిడ ఈ దీవిలోనే పుట్టి, రైలుని సినిమాలో తప్ప చూడలేదు. ఆ సినిమాలో అది వంతెన మీంచి పడిపోయింది.

"ఓడ ములిగితే ఈదొచ్చు," అంది మా అమ్మ చెవిలో. "రైలు పడిపోతే ఏటి సెయ్యాల? నానొల్లను. ఇక్కడే మూగిదాన్నై బతుకుతాను."

మేమందరం చెప్పాం. విన్లేదు. మద్రాసు ఓడ మాత్రం దగ్గర పడుతోంది.

నూకన్న మావ ఆవిడకి ఏమీ చెప్పలేదు. మిడిల్ పాయింట్ వెళ్లి, దొడ్డమ్మ బుట్టకి కాస్త దూరంలో నిలబడి, కామమ్మప్పకి భయమని, పాపం రైలంటే చాలా భయమని, అందరికీ వినపడేలా హిందీలో ఓసారి, తెలుగులో ఓసారి చెప్పి ఫెర్రీ ఎక్కి వచ్చేశాడు. దొడ్డమ్మకి ఒళ్లు మండిపోయింది. పూర్వమైతే కూర్చున్న చోటినించే తిట్టేది, అవి నీళ్లు దాటి హోప్ టౌన్‌లో దిగేవి. ఇప్పుడు తిట్టాలంటే మనిషి దగ్గరికి వెళ్లక తప్పదు. మర్నాడు బుట్ట ఇంట్లో పడేసి, ఫెర్రీ ఎక్కి, మావ ఇంటికొచ్చింది.

మావ ఎంతో మర్యాదగా లేచి నిలబడ్డాడు. "తిట్టప్పా. నిలబడితే ఆయాసం వస్తాది, అరుగు మీద కూకుని తిట్టు."

దొడ్డమ్మ కిటికీ పక్క బల్ల మీద కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది. వినపడ్డం లేదని మావ ఎదురు బల్ల మీద కూర్చుని చెవి ఒగ్గాడు. ఆవిడ ఒక తిట్టు తిట్టాక ఊపిరి తీసుకునేది. ఆ సందులో మావ చరిత్ర ఒక మెట్టు ముందుకి నడిపేవాడు. సాయంత్రానికి ఆవిడ తిట్లు అయిపోయాయి, ఈయన పద్దెనిమిది వందల తొంభైల దాకా వచ్చాడు. మిగతాది రేపు చెబుతానన్నాడు. నీ చరిత్ర ఎవడిక్కావాలని దొడ్డమ్మ వెళ్లిపోయింది. కానీ మర్నాడు కూడా వచ్చింది, కొత్త తిట్లు గుర్తొచ్చాయని. మూడో రోజు ఆవిడ కూర్చోగానే బల్ల కదిలింది.

అప్పటిదాకా ఆ రైల్లో ఎవరికీ పడనన్ని కుదుపులు దొడ్డమ్మకి పడ్డాయి. ఇద్దరు ఊపే బల్లకి నలుగుర్ని పెట్టాడు. వాళ్లలో ఒకరు డ్యూటీ లేని రోజున గణేశ్వరరావు గారు, చెయ్యి నయమయ్యాక. రేకు ఒకటి చాలదని డబ్బాలు తెప్పించాడు. బూడిద ఊదడం తవిటమ్మత్త మెల్లిగా చేస్తోందని గొట్టం తనే తీసుకున్నాడు. సొరంగమని నెత్తిన టార్పాలిన్ కప్పాడు. తోపులాటకి పక్క పేట నించి కూడా జనాన్ని పిలిచాడు. ఆ జనంలో నేనూ ఉన్నాను. సొంత దొడ్డమ్మని మూటతో తొయ్యడం నాకు ససేమిరా ఇష్టం లేదు. తోశాక చూస్తే ఆవిడ మోచెయ్యి నా డొక్కలో దిగి ఉంది. ఆ తరవాత నాకు జాలి తగ్గింది.

జబ్బు మనిషిని ఇలా హింస పెట్టడం ఏం బాగుందని మా అమ్మ మావ మీద విరుచుకుపడింది. మావ పట్టించుకోలేదు. అసలు రైలు ఇంతకి రెండింతలని, తను దయతలిచి తగ్గించి నడుపుతున్నానని అన్నాడు. దొడ్డమ్మ మొదట్లో కళ్లు మూసుకుని ఊచలు పట్టుకుని వణికేది. తరవాత వణకడం మానేసి పళ్లు నూరడం మొదలెట్టింది. ఓడ బయల్దేరడానికి ముందటి రోజున నలుగురూ బల్ల ఎత్తి పడేస్తుంటే, నెత్తి మీద టార్పాలిన్‌తో, డబ్బాల మోతలో, ఆకు వక్క నములుతూ కూర్చుంది. టిక్కెట్టు కలెక్టరు వచ్చి టిక్కెట్టు అడిగితే పక్కకి జరగమని చేత్తో సైగ చేసింది. గాలి అడ్డొస్తున్నాడట.

మావ ఈల జేబులో పెట్టుకుని, "పాస్," అన్నాడు.

మద్రాసులో మేం స్టేషన్లోకి అడుగు పెట్టాం. దొడ్డమ్మ చీరకొంగు నడుముకి బిగించింది. ఆగి ఉన్న బండిలో మా పెట్టె చూసుకుంది. మోచేతులు సిద్ధం చేసుకుని తలుపు వేపు దూసుకెళ్లింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. లోపల ఉన్న పెద్దమనిషి ఒకాయన, "మెల్లిగా రండమ్మా," అని చెయ్యి అందించి, మూట పుచ్చుకుని, కిటికీ పక్కన చోటిచ్చాడు. ఆ చెయ్యి వంక దొడ్డమ్మ చాలాసేపు అనుమానంగా చూసింది. దొంగేమో అని మూట తిరిగి లాక్కుని కాళ్ల కింద పెట్టుకుంది.

తరవాత కుదుపులకి సిద్ధమైంది. రెండు కాళ్లూ ఎదురు బల్లకి తన్నిపెట్టి, ఒక చేత్తో ఊచ పట్టుకుని, ఇంకో చేత్తో బూడిద పడకుండా కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. ఆ పెద్దమనిషి కుటుంబమంతా ఎదుటి బల్ల మీదుంది. ఆవిడ కాళ్లకి దారి ఇవ్వడానికి వాళ్లు ఒకవేపుకి ఒదిగి కూర్చున్నారు. నేను కిటికీ బయటికి చూస్తున్నట్టు నటించాను. కొంతసేపైంది.

"ఇంకెప్పుడు కదుల్తాదిరా గోవిందూ?" అంది కొంగులోంచి.

"కదిలి చాలాసేపైంది దొడ్డమ్మా."

కొంగు తీసి చూసింది. దీపాలు, ఇళ్లు, తాటిచెట్లు వెనక్కి పోతున్నాయి. బల్ల మీద పెట్టిన మరచెంబులో నీళ్లు కూడా తొణకడం లేదు. తూకంలో మోసపోయిన మనిషి చూసే చూపు ఒకటుంది, ఆ చూపుతో దొడ్డమ్మ ఆ నీళ్ల వంక చూసింది. కాళ్లు దించుకుంది. ఎదుటివాళ్లు ఊపిరి పీల్చుకుని సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ మాత్రం ఇదేదో తప్పు బండి అయ్యుంటుందని నన్ను రెండుసార్లు అడిగి, ఆ పెద్దమనిషిని ఒకసారి అడిగి, చివరికి పడుకుంది. పడుకోవడమేమిటి, తెల్లారి నేను లేపేదాకా గుర్రు పెట్టి నిద్రపోయింది.

పొద్దున బెజవాడలో బండి ఆగింది. చాయ్ తెస్తానని నేను దిగాను. నూకన్న రైల్లో రెండుసార్లు పాసైనవాణ్ణి, నాకు అన్నీ తెలుసు. అయినా దీవి బుద్ధి ఎక్కడికి పోతుంది, స్టేషన్లో అమ్ముతున్న పూరీలు చూస్తూ, రేట్లు కనుక్కుంటూ నింపాదిగా నడుస్తున్నాను. ఒక్కసారిగా స్టీలు పళ్లెం ఊచలకేసి బాదుతున్న చప్పుడు వినపడింది. ప్లాట్‌ఫారం మీద అందరూ అటే చూశారు. కిటికీలోంచి దొడ్డమ్మ, పళ్లెంతో. బండి కదులుతోంది. మిడిల్ పాయింట్ బజారు మొత్తాన్ని పిలిచే చప్పుడుకి నేనొక్కణ్ణే పరిగెత్తి ఎక్కాను, చాయ్ లేకుండా. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ మర్యాదకి నవ్వాను.

ఇక దొడ్డమ్మకి ధైర్యం ఎక్కువైంది. ఎదుటి కుటుంబానికి రైల్వే చరిత్ర చెప్పాలని ముచ్చట పుట్టింది. గొంతు లేదు కనక ఆవిడ నా చెవిలో గుసగుసలాడేది, నేను పైకి చెప్పేవాణ్ణి. బోరీబందర్ దగ్గర మొదలయ్యాం. ఫిరంగుల చోట, "పేల్చరా" అంది. పేల్చాను. నా జీవితంలో అంత ఇరుకునపడ్డ ఘడియ మరొకటి లేదు గానీ, వాళ్ల చిన్నపిల్ల మళ్లీ పేల్చమని అడిగింది, కాబట్టి మళ్లీ పేల్చాను.

చరిత్ర నడుస్తుండగానే కింద చప్పుడు మారింది. గోదావరి. దొడ్డమ్మ కథ ఆపేసింది. పుట్టినప్పట్నించీ సముద్రాన్ని చూసిన మనిషికి నీళ్లు కొత్తేమీ కాదు. కానీ తియ్యటి నీళ్లు అంత వెడల్పున, అంత నిదానంగా, మధ్యలో లంకలతో, పడవలతో పోతుండడం ఆవిడెప్పుడూ చూడలేదు. ఊచలకి బుగ్గ ఆనించి ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డు దాకా చూసింది. వంతెన అయిపోయాక కూడా మెడ వెనక్కి తిప్పి చూసింది. "ఇన్ని మంచినీళ్లు ఎవులు తాగుతారురా," అని మాత్రం అంది.

విశాఖపట్నంలో ఆపరేషను బాగా జరిగింది. మెడకి కట్టుతో ఉన్నన్నాళ్లూ డాక్టరు మాట్లాడొద్దన్నాడు. కట్టు విప్పాక కొంచెం కొంచెం మాట్లాడి చూడమన్నాడు. దొడ్డమ్మ నర్సమ్మని పిలిచింది. కింది అంతస్తులో నర్సమ్మ పలికింది.

తిరుగు ప్రయాణం మా అదృష్టం కొద్దీ విశాఖ ఓడలోనే దొరికింది. ఓడలో ఉన్నన్నాళ్లూ దొడ్డమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. గొంతు దాచుకుంటున్నానంది. నూకన్న కోసం.

దిగిన రోజున నేను ముందుగా హోప్ టౌన్ వెళ్లాను, రాబోయే తుఫాను సంగతి మావకి చెబుదామని. మావ వల బాగుచేసుకుంటూ వాకిట్లో ఉన్నాడు, తల ఎత్తలేదు. పెరట్లో తవిటమ్మత్త చేపలు శుభ్రం చేస్తోంది. మీ దొడ్డమ్మ ఎలా ఉందని అడగలేదు, ఆపరేషను సంగతి అడగలేదు.

"గోదారి సూసిందేట్రా మీ దొడ్డమ్మ?" అంది.

చూసిందన్నాను. ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డు దాకా చూసిందన్నాను. అత్త కత్తి పక్కన పెట్టి, వాకిట్లోకి వినపడేలా, "సూసిందంట," అని కేకేసింది. వాకిట్లో వల ముడి వేస్తున్న చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

అప్పుడు అత్త గొంతు తగ్గించి చెప్పింది. మావ వాళ్లమ్మని తీసుకుని వచ్చిన ఆ ఒక్క ప్రయాణంలో ముసలావిడ రైలు భయంతో ఎక్కిన దగ్గర్నించి దిగేదాకా కళ్లు తెరవలేదట. గోదారి వచ్చిందమ్మా, చూడమ్మా అని మావ ఎంత బతిమాలినా మొహం ఆయన భుజంలో దాచుకుని అలాగే ఉండిపోయిందట. ఈ దీవికొచ్చాక బతికినన్నాళ్లూ, గోదారి ఎలాగుంటాదిరా నూకా, అని అడుగుతూనే ఉండేదట. ఆయన చెబుతూనే ఉండేవాడట. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి చాలేది కాదు.

"మరి ఇంత కుదుపుతాడేం అత్తా? రైలు ఉయ్యాలలా ఉంది."

"ఆడికి తెల్దేటి? ఎక్కినోడే గదా," అంది. "బయపడీదంతా ఈ అరుగు మీదే పడిపోతే, అక్కడ కళ్లు తెరుసుకుని కూకుంటారంట. ఇంకెవులికీ సెప్పకు. ఆడు రైలు గురించి తక్కువ సేసి సెప్పినాడంటే ఆడికి నామర్దా."

ఫెర్రీ ఇంకా జెట్టీకి తగల్లేదు, దొడ్డమ్మ గొంతు తగిలింది. ఒరే నూకా అన్న మొదటి కేకకి కోళ్లన్నీ, ఏ జోనుకా జోను, చెల్లాచెదురయ్యాయి. రెండో కేకకి ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. ఆ గొంతు వినక ఎన్నాళ్లయిందో, కొందరు ముసలాళ్లు నవ్వుతూ దండాలు పెట్టుకున్నారు. మా అమ్మ ఏడుస్తూ ఎదురెళ్లింది. దొడ్డమ్మ చెల్లెల్ని పక్కకి జరిపి, తిన్నగా వచ్చి, మావ ముందు నిలబడింది. మావ వల మీంచి తల ఎత్తకుండానే, కూకో అప్పా, అన్నాడు. కూకోనంది. ఇప్పుడు నిలబడి తిట్టే ఓపిక ఉందంది.

"ఏటిరా నువ్వు సెప్పిన రైలు?" అంది. "ఒక్కడు తొయ్యనేదు, సెయ్యిచ్చి ఎక్కించినారు. బూడిద నేదు, సొరంగం నేదు, దొంగ నేదు. చాయ్ అయితే సల్లారిపోయింది. కదిలింది కూడా తెల్దు నాకు. పక్క మీద పసిపాపలాగ పడుకున్నాను. నలుగురి సేత నన్ను బల్ల మీద కుదేసి, నెత్తిన గుడ్డ కప్పి, మొకం నిండా బూడిద కొట్టినావే, ఆ రైలెక్కడుందిరా? బయమే ఎయ్యనేదు నాకు. సమాదానం సెప్పు."

హోప్ టౌన్ మొత్తం మావ వంక చూసింది. మావ ముడి బిగించి, దారం పంటితో తెంపాడు.

"మొదట్లో అలగే ఉండీదప్పా," అన్నాడు. "ఈ మద్దినే బాగు సేసినారు."